సీసాలో ఉంటే మందు – చేలో ఉంటే నేరం

రావికమతంలో ఈ మధ్య నలుగురు రైతులతో కూర్చుని చెరకు బకాయిల గురించి, జీడిపిక్కల ధర గురించి మాట్లాడుతూ ఉండగా, ఒక పెద్దాయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి మా చేతికిచ్చాడు. కాగితం మీద ఏడు రెక్కల పచ్చటి ఆకు బొమ్మ ఉంది. దాని కింద ఒక చిన్న నూనె సీసా బొమ్మ. ఆ కింద "హెంప్ సాగు – పూర్తిగా చట్టబద్ధం – ఎకరాకు లక్షల ఆదాయం" అని పెద్ద అక్షరాలు. అడుగున ఒక ఫోను నంబరు.

"పట్నంలో ఎవరో మా మేనల్లుడి చేతిలో పెట్టారండి. ఇది గంజాయి కాదట, గంజాయికి చెల్లెలట. నూనె తీసి సీసాల్లో అమ్ముతారట. సర్కారు ఒప్పుకుందట. ఏస్తే కేసవుద్దా, అవదా? ముందది సెప్పండి బాబూ" అన్నాడాయన.

ముందు దానికే జవాబు చెబుతాం. అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోజున హెంప్ పేరుతోనైనా, మరే పేరుతోనైనా ఆ మొక్కను పొలంలో వేసిన రైతుకు కేసు తప్పదు. ఈ పంటకు అనుమతి ఇస్తూ మన రాష్ట్ర ప్రభుత్వం ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుని మిగతాది చదవకపోయినా మాకు చింత లేదు. కాని ఆ పెద్దాయన అక్కడితో ఆగలేదు. "మరి ఆ సీసా ఎలా అమ్ముతున్నారండి? సీసాలో ఉంటే మందట, సేలో ఉంటే నేరమట. ఇదేటి నాయం?" అని అడిగాడు. ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. పాలకులు జవాబు చెప్పవలసిన ప్రశ్న. అందుకే ఈ వారం ఈ శీర్షికను దీనికే కేటాయిస్తున్నాం.

పేర్లతో మొదలయ్యే మోసం

మొదటి గందరగోళం పేరుతోనే వస్తుంది. హెంప్ అనే మాటను మన పత్రికల్లో కొందరు జనుము అని రాస్తారు, కొందరు జనపనార అని రాస్తారు. రెండూ తప్పే. జనుము మన రైతుకు తెలిసిన పచ్చిరొట్ట పైరు. పశువులకు మేత, భూమికి ఎరువు, మోకులకు నార. జనపనార అంటే గోనె సంచుల నార. ఉత్తరాంధ్రలో దాని స్థానంలో తరతరాలుగా వేస్తున్నది గోగు. ఈ పంటలకు చట్టంతో ఏ పేచీ లేదు.

కాగితం మీద బొమ్మ వేసిన హెంప్ వీటిలో ఏదీ కాదు. అది సాక్షాత్తు గంజాయి మొక్క జాతే. చెల్లెలు కాదు, అదే మొక్క. తేడా అంతా లోపలి పదార్థాల పాళ్ళలో ఉంది. ఈ మొక్కలో మత్తు కలిగించే పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు. మత్తు లేని మరో పదార్థం సీబీడీ. మొదటిది తక్కువగా ఉండేలా ఏరి పెంచిన రకాలను హెంప్ అని పిలుస్తున్నారు. చాలా దేశాల్లో ఎండు బరువులో టీహెచ్‌సీ 0.3 శాతానికి మించకూడదన్న లెక్క పెట్టుకున్నారు. 0.3 ఉన్న మొక్కకూ 3 ఉన్న మొక్కకూ కంటితో చూస్తే తేడా కనపడదు. ఆకు అదే, వాసన అదే. తేడా తేల్చాలంటే ప్రయోగశాలకు పోవాలి. పొలం గట్టు మీద నిలబడిన ఎస్సైగారికి గాని, గింజ చల్లిన రైతుకు గాని అది తెలిసే దారి లేదు.

సీబీడీకి వైద్యంలో ఉపయోగం ఉన్న మాట నిజమే. పసిపిల్లలకు వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛ జబ్బులకు సీబీడీతో తయారైన మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఆమోదించింది. అంతమాత్రాన నిద్రకు, నొప్పికి, దిగులుకు, సర్వరోగాలకూ ఇదే సంజీవని అని వ్యాపారులు ఊదుతున్న బాకాను నమ్మనక్కర్లేదు.

చట్టంలో ఏముంది?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. మాదక ద్రవ్యాల చట్టాన్ని పార్లమెంటు 1985లో చేసింది. ఆ ఏడాది నవంబరు 14 నుంచి అది అమలులోకి వచ్చింది. ఈ చట్టం గంజాయి మొక్కను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. మొక్క నుంచి తీసిన బంక చరస్. పూత, కాయ పట్టిన కొసలు గంజాయి. కొసలతో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి నిర్వచనంలోకి రావు. ఉత్తర భారతంలో భంగు దుకాణాలు బతికి ఉన్నది ఈ సందులోనే. సీబీడీ సీసా కూడా ఈ సందులోంచే బయటికి వచ్చింది. ఆకు నుంచి తీశామని, ఆయుర్వేదంలో విజయ అనే పేరుతో చెప్పిన మూలిక ఇదేనని చెప్పి, 1940 నాటి ఔషధాల చట్టం కింద ఏదో ఒక రాష్ట్రంలో ఆయుర్వేద లైసెన్సు తెచ్చుకుంటారు. వైద్యుడి చీటీ మీద అమ్ముతున్నామంటారు. పూతకొసల బంక నుంచి తీస్తే అదే నూనె నేరమవుతుంది. సీసా మూత తీసి చూసినవాడికి అది ఆకులోంచి వచ్చిందో పూతలోంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? కాగితాలు ఉన్నవాడిది మందు, లేనివాడిది మత్తు.

అయితే మొక్కను పెంచడం దగ్గరికి వచ్చేసరికి ఈ సందులన్నీ మూసుకుపోతాయి. 8వ సెక్షన్ సాగునే నిషేధించింది. ఆకు కోసం వేశాను, గింజ కోసం వేశాను అంటే కుదరదు. 20వ సెక్షన్ కింద సాగుకు పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. 46వ సెక్షన్ మరొకటి చెబుతుంది. తన భూమిలో ఈ మొక్క అక్రమంగా పెరుగుతోందని తెలిసీ అధికారులకు చెప్పని భూమి యజమాని కూడా శిక్షకు పాత్రుడే. పొలం కౌలుకు ఇచ్చి ఊరుకున్నాను, వాడేం వేశాడో నాకేం తెలుసు అనే రైతు సోదరులు ఈ మాట చెవిని వేసుకోవాలి.

మరి రాష్ట్రాలకు అధికారం లేదా? ఉంది. 10వ సెక్షన్ ఈ మొక్క సాగును అనుమతించి అదుపు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. 14వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి, షరతులు పెట్టి, పీచు కోసం గాని గింజ కోసం గాని పారిశ్రామిక అవసరాలకు, లేదా ఉద్యాన అవసరాలకు సాగును ఒప్పుకోవచ్చు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఈ దారిలోనే 2018లో దేశంలో మొదటిసారిగా హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ ఆ దారి వెతుకుతూ తన వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో ప్రయోగానికి 2025లో పచ్చజెండా ఊపింది. మన రాష్ట్రం ఆ తలుపు తెరవలేదు.

ఇక్కడ రైతు సోదరులు ఒక కిటుకు గమనించాలి. 14వ సెక్షన్ మాట్లాడేది పీచు గురించీ గింజ గురించీ. సీబీడీ దండిగా ఉండేది పూతలో. గింజలో అది దాదాపు లేనట్టే. గింజను, గింజ నూనెను, పిండిని ఆహారంగా అమ్మడానికి కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ 2021లో అనుమతించింది. అది గింజ నూనె. కాగితం మీద బొమ్మ వేసింది సీబీడీ నూనె. ఒకదానికి దొరికిన అనుమతిని చూపించి రెండోదాని ధర ఆశ పెడుతున్నారు. లైసెన్సు ఉన్న రాష్ట్రంలో కూడా ఈ రెండూ ఒకటి కావు. లైసెన్సే లేని మన చోట సంగతి చెప్పేదేముంది?

సర్కారువారే పండించిన రోజులు

ఈ మొక్క మన నేలకు కొత్తది కాదు. ఒకప్పుడు నేరమూ కాదు. బ్రిటిషు ప్రభుత్వం 1893లో ఈ మొక్క వాడకంపై ఒక కమిషన్ వేసింది. ఊరూరా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి, నిషేధం అనవసరం, పన్ను వేసి అదుపు చేస్తే చాలునని ఆ కమిషన్ 1894లో తేల్చింది. తెల్లదొరలకు ప్రజల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చి ఇలా తేల్చారని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. బొక్కసానికి రాబడి కావాలి, అంతే. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో లైసెన్సు మీద గంజాయి పండించిన చోట్లలో బాపట్ల తాలూకా సంతరావూరు, దగ్గుబాడు ప్రాంతం ఒకటి. ఆనాడు పండించిన రైతు నేరస్థుడు కాడు, సర్కారుకు ఆదాయం తెచ్చిపెట్టే మనిషి.

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. మందుకూ శాస్త్ర పరిశోధనకూ తప్ప ఈ మొక్క వాడకాన్ని పాతికేళ్ళలో మాన్పించాలని అది గడువు పెట్టింది. పీచు కోసం, గింజ కోసం వేసే సాగుకు తాను వర్తించనని కూడా ఆ ఒప్పందమే చెప్పింది. గడువు ముంచుకొచ్చాక మన పాలకులు 1985లో హడావుడిగా చట్టం చేశారు. ఒప్పందంలోని నిషేధాన్ని దేశమంతటా అమలు చేశారు. పీచుకూ గింజకూ ఉన్న వెసులుబాటును మాత్రం చట్టంలో ఒక మూల రాసిపెట్టి మూడు దశాబ్దాలకు పైగా మరిచిపోయారు. ఇప్పుడు విదేశాల్లో సీబీడీ వ్యాపారం పెరిగింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్యాల కమిషన్ ఈ మొక్కను అతి ప్రమాదకరమైన జాబితా నుంచి తప్పించినప్పుడు మన దేశం కూడా అనుకూలంగా ఓటు వేసింది. కంపెనీలు అడగ్గానే మూలనపడ్డ సెక్షన్ల దుమ్ము దులుపుతున్నారు. రైతు అడిగినప్పుడు ఆ దుమ్ము ఎందుకు దులపలేదు?

కాగితం మీద గీత గీసి నిన్నటి సేద్యాన్ని నేటి నేరం చెయ్యడం మన మన్యానికి బాగా తెలిసిన అనుభవమే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు కొట్టుకుని బతికే గిరిజనుణ్ణి ఒక్క కలం పోటుతో దొంగను చేసింది. ఆ కడుపు మంటే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నడిచింది. ఆయన సమాధి ఇక్కడికి దగ్గరలోనే, గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో ఉంది. అల్లూరి పోడు కోసం పోరాడాడు గాని గంజాయి కోసం కాదు. ఆ రెండూ ఒకటని మేము అనడం లేదు. చట్టం ఎప్పుడు కఠినమైనా ముందు బిగిసేది కొండ మీద మనిషి మెడకే అన్న సంగతి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

కొండ మీద పంట – కొండ కింద కేసు

రావికమతం కొండల అంచున ఉంది. ఎగువన చింతపల్లి, జి.కె. వీధి, జి. మాడుగుల. దిగువన భీమిలి–నర్సీపట్నం రోడ్డు. కొండ మీద పండిన గంజాయి మైదానానికి దిగాలంటే ఇలాంటి ఊళ్ళ మీదుగా దిగవలసిందే. మన్యంలో గంజాయి వేసిన గిరిజనుడు మేడలు కట్టలేదు. బయటి వ్యాపారి గింజ ఇచ్చాడు, పెట్టుబడి ఇచ్చాడు, సరుకు తీసుకుపోయాడు. చోళ్ళు, సామలు సంతకు తెస్తే అడిగినవాడు లేడు. పసుపు తెస్తే తూకంలో కోత. రోడ్డు లేని ఊరి నుంచి బస్తా మోసుకొచ్చేసరికి కూలీ కూడా గిట్టదు. గంజాయి వ్యాపారి మాత్రం గుమ్మం దగ్గరికే వచ్చి డబ్బు చేతిలో పెట్టాడు. న్యాయమైన పంటకు దొరకని మార్కెట్టు నేరపు పంటకు దొరికింది. ఇది గిరిజనుడి తప్పా, మార్కెట్టు ఏర్పరచని పాలకుల తప్పా?

2021 చివర ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు మన్యంలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది. 1972 నంబరుకు ఫోను చెయ్యమని గోడల మీద రాయించారు. మంచిదే. గంజాయి మన పిల్లల్ని పాడుచేస్తున్న మాట కాదనలేం. నర్సీపట్నంలోనైనా విశాఖలోనైనా చదువు మానేసి మత్తులో తిరుగుతున్న కుర్రాళ్ళ తల్లుల ఏడుపు మేము వినకపోలేదు. ఆ సరుకును వెనకేసుకు రావడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

కాని పట్టుబడుతున్నది ఎవరు? బస్తా మోసిన కూలి. బండి తోలిన కుర్రాడు. రోజు కూలీకి నాలుగింతలు ఇస్తామంటే ఆశపడి మూట నెత్తికెత్తుకున్న ఆడమనిషి. చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే అది వ్యాపార పరిమాణం. పదేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ దాకా శిక్ష, లక్షకు తక్కువ కాని జరిమానా. 37వ సెక్షన్ అడ్డం పడి బెయిలు రాదు. అభియోగపత్రం లేకుండానే 180 రోజులు లోపల ఉంచవచ్చు. ఒక మనిషి నెత్తి మీది మూట 20 కిలోలు దాటడం ఎంతసేపు? చట్టం పూతకొసనే గంజాయి అంటుంటే, ఆకూ కాడా గింజా కలిపి తూకం వేశారన్న తగాదా కోర్టుల్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఆ తగాదా పెట్టుకోవాలంటే వకీలు కావాలి. వకీలుకు డబ్బు కావాలి. డబ్బే ఉంటే ఆ మూట ఎందుకు ఎత్తుతాడు?

ఇప్పుడు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పక్క అద్దాల దుకాణంలో సీసా, దానికి లైసెన్సు, దానికి ప్రకటన. మరో పక్క అదే జాతి మొక్కను పెంచి, కోసి, మోసిన మనిషి, అతనికి జైలు. వైద్యుడి చీటీ ఉన్నవాడు పై రాష్ట్రంలో తయారైన సీసాను విశాఖలో కూర్చుని తెప్పించుకోవచ్చు. సీసాకు రాష్ట్రాల పొలిమేర అడ్డం రాలేదు, మొక్కకు వచ్చింది. లాభం ఉన్న కొస కంపెనీకి, నేరం ఉన్న కొస కూలికి. పెద్దాయన అడిగిన న్యాయం ఇదే.

తలుపు తెరిస్తే ఎవరు దూరతారు?

అయితే మన రాష్ట్రం కూడా వెంటనే లైసెన్సులు ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, తొందరపడవద్దంటాం. ముందు ఇతరుల అనుభవం చూడాలి.

అమెరికాలో 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న హెంప్‌ను మాదక ద్రవ్యాల జాబితాలోంచి తీసేసింది. మరుసటి ఏడు రైతులు ఎగబడి వేశారు. నూనె తీసే కర్మాగారాలు చాలక, కొనే నాథుడు లేక, ధర ఏడాది తిరక్కుండా కుప్పకూలింది. పంట కొట్లలో కుళ్ళింది. ఇక 2025 నవంబరులో అదే దేశం హెంప్ సరుకుల మీద మళ్ళీ గట్టి ఆంక్షలతో చట్టం చేసి, అమలుకు ఏడాది గడువు పెట్టింది. సబ్సిడీలూ బీమాలూ ఉన్న అమెరికా రైతే అంత ఊగిసలాటకు తట్టుకోలేకపోతే, మన రెండెకరాల రైతు ఏం తట్టుకుంటాడు?

మనకు సొంత అనుభవమూ లేకపోలేదు. ఇరవై ఏళ్ళ కిందట అడవి ఆముదం వెయ్యండి, డీజిలు తీస్తామన్నారు. బీడు భూములు బంగారమైపోతాయన్నారు. మొక్కలు మిగిలాయి, డీజిలు రాలేదు, కొనేవాళ్ళు రాలేదు. ఇక చెరకు సంగతి రావికమతం రైతుకు మేము చెప్పాలా? తుమ్మపాల ఫ్యాక్టరీ ఎలా మూతపడిందో మన కళ్ళ ముందే ఉంది. ఫ్యాక్టరీని నమ్ముకుని పంట వేసిన రైతుకు ఫ్యాక్టరీ చేతులెత్తేస్తే గతేమిటో కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు.

హెంప్‌లో వీటికి మించిన చిక్కు ఇంకొకటి ఉంది. చెరకులో తీపి తగ్గితే ధర తగ్గుతుంది, అంతే. ఇక్కడ పరీక్షలో టీహెచ్‌సీ 0.3 దాటితే పంట పంటంతా తగలబెట్టాలి. గింజ కంపెనీది, పరీక్ష సర్కారుది, నష్టం రైతుది. పక్క కొండ మీద అసలు గంజాయి ఉంటే దాని పుప్పొడి గాలికి వచ్చి పడుతుంది. ఆ గింజ దాచి మరుసటి ఏడు వేస్తే ఏం పుడుతుందో ఎవరు పూచీ? గంజాయి ఇంకా పూర్తిగా పోని కొండల కింద ఇది ఊహించి చెబుతున్న భయం కాదు.

మా ప్రాంతానికే చెందిన మరో ప్రమాదం కూడా ఉంది. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం మండలాల్లో చాలా గిరిజన గ్రామాలు అయిదో షెడ్యూలుకు బయట ఉండిపోయాయి. అక్కడివాళ్ళు గిరిజనులే, కొండా అదే కొండ, కాని 1970 నాటి 1వ నంబరు భూ బదలాయింపు నిబంధన వాళ్ళ భూమికి రక్షణ ఇవ్వదు. ఇవాళ డోలీలో రోగిని మోసుకు దిగుతున్న ఊళ్ళు అవి. రేపు హెంప్‌కు తలుపు తెరిస్తే, లైసెన్సు రుసుమూ కంచె ఖర్చూ పరీక్షల ఖర్చూ పెట్టుకోగలిగినవాడు గిరిజనుడా, పట్నం పెట్టుబడిదారుడా? జీడితోట కౌలు పేరుతో పోతుంది, కౌలు క్రయమవుతుంది, నిన్నటి రైతు తన కొండ మీదే కంచె కాపలా కూలీగా మిగులుతాడు.

మేము కోరేది

ఈ మొక్క మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. ఏ మొక్కా తనంతట తాను నేరం చెయ్యదు, తనంతట తాను రైతును బాగుచెయ్యదు. దాని చుట్టూ చట్టం ఎవరి కోసం రాశారు, మార్కెట్టు ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న. కనుక ప్రభుత్వాన్ని ఈ కిందివి డిమాండు చేస్తున్నాం.

మొదటిది. హెంప్ సాగుకు ఈ రాష్ట్రంలో అనుమతి లేదన్న సంగతి తేట తెలుగులో రాసి ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి సచివాలయంలో అంటించాలి. చట్టబద్ధమని కాగితాలు పంచి గింజలు అమ్మజూపేవాళ్ళ మీద కేసులు పెట్టాలి. మోసపోయిన రైతు మీద కాదు.

రెండోది. గంజాయి కేసుల్లో మగ్గుతున్న కూలీల, గిరిజనుల కేసులను న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఒక్కొక్కటిగా పరిశీలించి ఉచితంగా వకీలును ఇవ్వాలి. చట్టం చెప్పిన భాగాన్నే తూకం వెయ్యాలి. పెట్టుబడి పెట్టిన అసలు వ్యాపారిని పట్టనిదే దర్యాప్తు ముగిసిందనకూడదు.

మూడోది. ఈ మొక్క పీచు, గింజ మన నేలలో నిజంగా ఉపయోగపడతాయా అన్నది తేల్చే పని కంపెనీలకు వదలకూడదు. అనకాపల్లిలో, చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు ఉన్నాయి. అవసరమైన అనుమతితో, సర్కారు కంచెలో, సర్కారు ఖర్చుతో పరీక్షించాలి. ఫలితాలు రైతు ముందు పెట్టాలి. అప్పటిదాకా ఏ కంపెనీకీ లైసెన్సు ఇవ్వకూడదు.

నాలుగోది. ఏనాడైనా అనుమతి ఇవ్వదలిస్తే అది చిన్న రైతు సంఘాలకు, గిరిజన సహకార సంస్థ ద్వారానే ఇవ్వాలి. గింజ ఇచ్చినవాడే టీహెచ్‌సీ దాటితే నష్టపరిహారం కట్టాలి. కొనుగోలు ధర విత్తనానికి ముందే రాతపూర్వకంగా ఉండాలి. షెడ్యూలు బయట ఉండిపోయిన గిరిజన గ్రామాలను అంతకన్నా ముందే అయిదో షెడ్యూలులో చేర్చాలి.

అయిదోది, అన్నిటికన్నా అవసరమైనది. ఇవాళ చట్టబద్ధంగా పండుతున్న పంటలకు ధర ఇవ్వాలి. అరకు కాఫీకి పేరొచ్చింది, సంతోషం. చోడికీ, పసుపుకూ, రాజ్మాకూ, మిరియానికీ, జీడిపిక్కకూ సంతలోనే సర్కారు కాంటా పెట్టి కొనాలి. వ్యాపారి గుమ్మం దగ్గరికి వచ్చి గంజాయి కొన్నప్పుడు, ప్రభుత్వం గుమ్మం దగ్గరికి వచ్చి చోళ్ళు కొనలేదా?

ఇక రైతు సోదరులకు మా మాట. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి ఇది చట్టబద్ధం అంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు నంబరు, తేదీ చూపించమనండి. ఉత్తరాఖండ్ కాగితం చూపిస్తే, అక్కడికే పోయి వేసుకోమనండి. గింజ ఉచితమన్నా తీసుకోకండి, అడ్వాన్సు ఇస్తామన్నా ముట్టుకోకండి. పొలం కౌలుకు అడిగేవాడు ఏం వేస్తాడో రాయించుకోండి.

రావికమతం పెద్దాయన ఆ కాగితం చించబోతే మేము వద్దన్నాం. దాచి ఉంచి వ్యవసాయాధికారికి చూపించమన్నాం. ఆయన దాన్ని మరోసారి విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కంపెనీ పేరు లేదు. ఊరు లేదు. సంతకం లేదు. ఫోను నంబరు ఒక్కటే ఉంది. రేపు పొలంలోకి పోలీసులు వస్తే ఆ నంబరు మోగదు. అడంగల్లో మాత్రం రైతు పేరు ఉంటుంది.